పుట్టింది ఎక్కడ నాయనా?

బర్త్ సర్టిఫికెట్ కాపీ కావాలంటే ఎక్కడికెళ్లాలి తాతగారూ అని ఈ మధ్య మా కాలనీ కుర్రాళ్లు నన్నడుగుతున్నారు. చేతిలో అంతంత ఫోన్లు పెట్టుకుని నన్నడగడమెందుకో! విశాఖ పోర్టులో గుమాస్తాగా చేరి, సర్వీసు రిజిస్టర్ల మధ్యనే జుట్టు నెరిసినవాణ్ణి కదా, పుట్టినతేదీల గొడవలు ఈయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియవని ఎవరో చెప్పి ఉంటారు. సంతోషం. చెబుతాను. కానీ మీక్కావలసిన రెండు ముక్కలూ చెప్పి ఊరుకోవడం నావల్ల కాదు. మా రోజుల్లో ఎలా ఉండేదో కూడా వినాలి. వినే ఓపిక లేకపోతే ఆ ఫోన్నే అడగండి.

ముందు నేనడిగేది ఒక్కటే. నువ్వు పుట్టింది ఎక్కడ నాయనా? "వైజాగే కదండీ" అంటాడు. వైజాగులో ఎక్కడ? కేజీహెచ్చా, ఘోషాసుపత్రా, పోర్టు ఆసుపత్రా, ఉక్కునగరం ఆసుపత్రా, ప్రైవేటు నర్సింగ్ హోమా? తెల్లమొహం వేస్తాడు. పోయి అమ్మనడిగి రమ్మంటే సాయంత్రానికి వచ్చి చీపురుపల్లి అంటాడు. మరి తొలి కాన్పు పుట్టింట్లో కదా! ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో మీ అమ్మమ్మ వచ్చి మీ అమ్మను తీసుకెళ్లింది, నువ్వక్కడ పుట్టావు, మూడో నెలలోనో అయిదో నెలలోనో నిన్నెత్తుకుని గాజువాక వచ్చారు. నీ సంగతి గాజువాక పుస్తకాల్లో ఎలా ఉంటుంది? జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. కాపురం ఎక్కడన్నది, ఆధార్‌లో ఏ అడ్రసున్నదన్నది ఆ పుస్తకానికి అక్కర్లేదు. ఇది తెలియక ఆశీలమెట్టలో తెన్నేటి భవనం మెట్లెక్కి దిగి, జోనల్ ఆఫీసు చుట్టూ తిరిగి, "రికార్డు లేదన్నారండీ" అని నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. ఎందుకుంటుంది, అక్కడ రాస్తే కదా! ఆ కార్పొరేషన్ భవనానికి పేరున్న తెన్నేటి విశ్వనాథం గారెవరో కూడా ఈ కుర్రకారులో సగం మందికి తెలియదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ఊరు ఊరంతా లేచినప్పుడు ముందు నిలబడ్డవాళ్లలో ఆయనొకరు. అది వేరే కథ.

మా రోజుల్లో పుట్టడానికి దరఖాస్తు లేదు. మాది భీమిలి తాలూకాలో ఒక పల్లె. ఇంట్లో పురుడొచ్చిందంటే మంత్రసాని ఇంకా చేతులు కడుక్కోకముందే తలారికి తెలిసేది, తలారికి తెలిసిందంటే మునసబుగారికి తెలిసినట్టే. సాయంకాలం ఆయన అరుగు మీద కూర్చుని, ఒళ్లో ఆ పొడుగాటి పుస్తకం పెట్టుకుని, పాళీని సిరాబుడ్డిలో ముంచి అంచుకి ఒకసారి విదిలించి, "ఆడా, మగా? ఎన్నో కాన్పు?" అని అడిగేవారు. తండ్రి పేరు అడగవలసిన పని ఆయనకి లేదు. తండ్రి పెళ్లికి పందిట్లో కూర్చున్న మనిషి, తాత పోయినప్పుడు చావుల పుస్తకంలో ఆ పేరు రాసిన మనిషి. పుస్తకం మూలలకి ఎర్ర గుడ్డ అంటించి ఉండేది, కాగితం అంచులు చేతి చెమటకి పసుపురంగు తిరిగి ఉండేవి. నెలనెలా అందులోంచి ఎత్తిరాసి తాలూకా కచేరీకి పంపేవారు. ఇదంతా 1899 నాటి మద్రాసు చట్టం ప్రకారం జరిగే పని, మనం మద్రాసు రాజధానిలో ఉన్ననాటిది. పట్నంలో అయితే మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టరు వీధులు తిరుగుతూ రాసుకునేవాడు. వాడక్కూడా ఎవరింట్లో ఉయ్యాల కట్టారో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసేది.

ఇక తేదీలంటారా, మా ఆడవాళ్ల దగ్గర పంచాంగం కంటే గట్టి లెక్క ఉండేది. మా పెద్దప్ప జపాను వాడు బాంబులేసినప్పటి పిల్ల. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి, జనం మూటా ముల్లే సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. మా అమ్మ నిండు నెలలతో ఎడ్లబండిలో వచ్చింది, దారిలోనే నొప్పులు మొదలయ్యాయి. అప్ప వయసెంతని అడిగితే మా అమ్మ ఏనాడూ అంకె చెప్పలేదు, బాంబులేసినప్పటి పిల్ల అనే చెప్పేది. దాన్నిబట్టి ఎవరికి కావలసిన లెక్క వాళ్లు కట్టుకోవడమే. మా మేనమామ అంతకుముందు, పోర్టులోకి మొదటి ఓడ వచ్చిన ఏడు, అంటే 1933. మా చిన్నమ్మ కొడుకు ఉక్కు గలాటా ఏడు. మా తమ్ముడి పెద్దకూతురు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన వారం, 1971 డిసెంబరు మొదట్లో. ఆ అర్ధరాత్రి సముద్రంలో పేలుడు దెబ్బకి అద్దాలు అదిరిన సంగతి ఈ ఊళ్లో నా ఈడువాళ్లెవరినడిగినా చెబుతారు. ఒక ఊరి చరిత్రా ఒక బిడ్డ పుట్టుకా అలా ముడిపడి ఉండేవి. ఇప్పటి పిల్లాడికి పుట్టినరోజంటే కేకు, కొవ్వొత్తి. వాడు పుట్టిన ఏడు ఊళ్లో ఏం జరిగిందో వాడికీ తెలియదు, వాళ్ల నాన్నకీ తెలియదు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన అక్టోబరులో పుట్టిన పిల్లలిప్పుడు హైస్కూల్లో ఉన్నారు. 2014లో చెట్టన్నది మిగలకుండా కూలిన ఆ రోజుల్లో, కరెంటు లేని ఆసుపత్రిలో నిన్ను కన్నాను అని ఏ తల్లి చెబుతోంది చెప్పండి. చెప్పాలమ్మా. చెప్పండి.

అలాగని మా లెక్కలన్నీ వరహాల్లా ఉండేవని నేననను. బడిలో వేసేటప్పుడు కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టే. హెడ్మాస్టరుగారికి బడి తెరిచే రోజులు గుర్తు కాబట్టి జులై ఒకటో తారీకు అని రాసేవారు. మా తరగతిలో చాలామంది జులై ఒకటినే పుట్టారు. ఆ తేదీయే ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలోకి ఎక్కింది, అక్కణ్ణించి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. బడి మొహం చూడని ఖలాసీలకైతే డాక్టరే పళ్లూ ఎముకలూ చూసి, ఇంత ఉండవచ్చని వయసు వేసేవాడు. అలా వేసిన వయసుతో ఒంట్లో సత్తువ ఉండగానే రిటైరై ఇంటికెళ్లిన మనుషులు నాకు తెలుసు. ఎదురుగా కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. వాళ్ల కోసం ఏ పుస్తకమూ దొరకలేదు. దొరక్కపోవడానికీ కారణముంది. మునసబుగారి అరుగు దాకా రాగలిగినవాళ్ల సంగతే ఆ పుస్తకంలో సరిగ్గా ఉండేది. ఊరవతల గూడెంలో పుట్టిన బిడ్డ, జాలారిపేటలో పుట్టిన బిడ్డ రాతలోకి ఎక్కారా లేదా అన్నది ఆ మునసబు మంచితనాన్నిబట్టి ఉండేది. ఈ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. అయినా నా మాట నాదే. రాసినమటుకు, రాసింది మనిషిని ఎరిగిన చెయ్యి.

తర్వాతేమైందంటే, పుస్తకాలకి ఇల్లు లేకుండా పోయింది. 1984లో మునసబు కరణాల వ్యవస్థ రద్దయింది. మంచికే అన్నారు, వాళ్ల పెత్తనం చూసినవాళ్లు సంబరాలు చేసుకున్నారు, నేను కాదనను. కానీ ఆ ఇళ్లల్లో బీరువాల్లో ఉన్న పుస్తకాలు ఏమయ్యాయి? బాధ్యతగా అప్పజెప్పినవి కొన్ని, చెదలు తిన్నవి కొన్ని. మరుసటేడు 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఒక్క తాలూకా కచేరీలో ఉన్న కట్టలు ఎన్ని మండలాలకి చీలాయో, ఏ కట్ట ఎక్కడికి చేరిందో చెప్పే మనిషి లేడు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లకి ఊళ్లే ఖాళీ అయ్యాయి. ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీయే, అందులో అనుమానం లేదు. కానీ ఇల్లూ వాకిలీ ఇచ్చి, నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డు పుచ్చుకుని వడ్లపూడికీ అగనంపూడికీ పెదగంట్యాడకీ వచ్చినవాళ్లని, మీదే ఊరని అడిగితే, ఇప్పుడు గోడ లోపలున్న ఊరి పేరు చెబుతారు. పుట్టినూరు కాలమ్‌లో రాయడానికి పేరుంది, వెళ్లి అడగడానికి ఊరు లేదు. అంతకంటే కష్టం ఏముంటుంది?

1979లో కార్పొరేషన్ అయిన మన విశాఖ, ఆ తర్వాత 2005లో గాజువాక మునిసిపాలిటీనీ చుట్టుపక్కల పల్లెల్నీ కలుపుకుని మహా విశాఖ అయింది. పంచాయతీ రోజుల్లో పుట్టినవాడు ఇప్పుడు జోనల్ ఆఫీసుకెళ్తే, అప్పుడు మీది పంచాయతీ కదా అంటారు. పంచాయతీ ఏదండీ అంటే లేదు కదా అంటారు. 2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చారు. నర్సీపట్నంలో పుట్టి విశాఖ జిల్లా అని కాగితాల నిండా రాసుకున్నవాడు, ఇప్పుడు అనకాపల్లి జిల్లావాడు. పార్వతీపురం చూడండి. 1950 దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లా. అక్కడ 1949లో పుట్టిన మనిషి గడప దాటకుండా నాలుగు జిల్లాల్లో బతికాడు. పాలన మనిషికి దగ్గరవుతోందని ప్రతిసారీ చెప్పారు. పుస్తకం మాత్రం ప్రతిసారీ ఇంకాస్త దూరమయింది.

సరే, మీకు కావలసింది చెప్పమంటారు. చెబుతున్నాను కదా.

ఇప్పుడు నడుస్తున్నది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. ఆసుపత్రిలో పుడితే కబురు పంపే బాధ్యత ఆసుపత్రిది, ఇంట్లో పుడితే ఇంటిపెద్దది. గడువు ఇరవై ఒక్క రోజులు. అది దాటి ముప్పై రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము కట్టాలి. నెల దాటి ఏడాదిలోపు అయితే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటిందా, ఆర్డీవో దగ్గర్నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఇది కొత్తగా రాయించుకునే సంగతి. ఇదివరకే రాసి ఉన్నదానికి కాపీ తీసుకోవడం ఇంత కష్టం కాదు. పుట్టిన తేదీ, పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు పట్టుకుని మీసేవకో వార్డు సచివాలయానికో వెళ్లి రుసుము కట్టడమే. కంప్యూటర్లోకి ఎక్కిన రికార్డయితే త్వరగానే చేతికొస్తుంది. ఎక్కని పాత రికార్డయితే, ఏ సంవత్సరం పుస్తకమో చూసి గుమాస్తా చేత్తో వెతకాలి. నువ్వు సంవత్సరం కూడా సరిగ్గా చెప్పలేకపోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

ఈ కంప్యూటర్ల సంగతిలో మన ఊరు వెనకబడలేదు, ఆ మాట చెప్పుకోవాలి. 2000 ప్రాంతంలోనే మన మునిసిపల్ కార్పొరేషన్ 'సౌకర్యం' అని పెట్టింది. ఇంటిపన్ను కట్టడం, జనన ధ్రువపత్రం తీసుకోవడం అందులోనే. దేశంలో చాలా ఊళ్లు వచ్చి చూసి వెళ్లాయి. 2011లో మీసేవ వచ్చింది, 2019 అక్టోబరులో సచివాలయాలు, 2025 జనవరిలో వాట్సాప్‌లో మన మిత్ర. ప్రతి కొత్తదానికీ పేరు మారుతుంది, గడప మారుతుంది, ఓటీపీ మారుతుంది. నాకు నచ్చనిదేమిటంటే, తెర మీద "రికార్డు లేదు" అని వచ్చిందంటే అక్కడితో ఆఖరు. మునిసిపాలిటీలో పాత గుమాస్తా అయితే కళ్లజోడు నుదుటికెత్తి, "లేదా? మీ నాన్న పేరు అప్పారావు కదా, అప్పలరాజు అని రాశారేమో చూద్దాం ఉండు. పుట్టింది నెలాఖర్లో అంటున్నావు, వచ్చేనెల పేజీల్లో ఉంటుంది" అని వేలు పెట్టి వరసగా చూసుకుంటూ వెళ్లి పట్టుకునేవాడు. కంప్యూటరుకి అక్షరం తేడా వస్తే మనిషే లేడు. కాబట్టి లేదన్నారని తిరిగి రావద్దు. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి, తల్లి పేరుతో ఒకసారి చూడమని అడగండి. తేదీకి నాలుగు రోజులు అటూ ఇటూ చూడమనండి. మర్యాదగా అడిగితే చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఆ అక్షరాల తేడా ఎలా వస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అది ముమ్మాటికీ ఇంట్లోవాళ్ల అజాగ్రత్తే. కాన్పయిన మర్నాడు ఆసుపత్రిలో ఒక ఫారం చేతికిస్తారు. తండ్రి ఫోన్లో ఫోటోలు పంపుతూ ఉంటాడు, ఎవరో బావమరిది గబగబా నింపేసి సంతకం పెడతాడు. లక్ష్మి అన్న పేరుకి ఇంగ్లీషులో ఎక్స్ రాయాలా, కె.ఎస్.హెచ్. రాయాలా అన్నది తల్లి ఆధార్ చూసి రాయరు. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరం చాలా అన్నది ఆలోచించరు. ఇరవై ఏళ్లు పోయాక మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో ఆ ఎక్స్ దగ్గరే పని ఆగుతుంది. సవరణకి చట్టంలో దారి ఉంది, పదిహేనో సెక్షను కింద రిజిస్ట్రారే సరిచేస్తాడు, కానీ ఋజువులు చూపించాలి, తిరగాలి. పేరే రాయించనివాళ్లు ఇంకోరకం. బారసాల కాలేదు కదా, పేరు తర్వాత చూద్దాంలే అని ఖాళీగా వదిలేస్తారు. ఏడాదిలోపు పేరు ఎక్కించుకుంటే రుసుము కూడా లేదు. ఆ తర్వాత రుసుముతో పదిహేనేళ్ల దాకా వీలుంది. పదో తరగతి హాల్ టికెట్టొచ్చినా, పుట్టినప్పటి కాగితంలో పేరు గడి ఖాళీగానే ఉన్న పిల్లల్ని నేను చూశాను. కన్నబిడ్డ పేరు గడి అంతకాలం ఖాళీగా ఎలా వదిలేస్తారండీ?

ఎంత వెతికినా దొరకనివాళ్ల సంగతి వేరు. దొరకలేదన్న మాటనే కాగితం మీద రాసివ్వమని అడగాలి. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు, అది మీ హక్కు. దాన్నీ, నోటరీ అఫిడవిట్‌నీ, పదో తరగతి మార్కుల మెమోనీ జతచేసి ఆర్డీవో ఉత్తర్వుకి పెట్టుకుంటే, తహసీల్దారు ఆఫీసు నుంచి విచారణ జరిగి కొత్తగా నమోదవుతుంది. అమెరికాలో గ్రీన్ కార్డుకి వెళ్లిన మన పిల్లలకీ ఇదే తంటా. 1970లకి ముందు పల్లెల్లో పుట్టిన తల్లిదండ్రుల్ని అక్కడికి పిలిపించుకోవాలంటే పుట్టుక ఋజువు అడుగుతారు. పుస్తకంలో లేకపోతే, లేదన్న కాగితంతో పాటు, ఆ పుట్టుక ఎరిగిన పెద్దవాళ్ల అఫిడవిట్లు అడుగుతారు. మా పినతండ్రి కూతురి కోసం నేనే అలా సంతకం పెట్టాను. అది పుట్టిన రాత్రి లాంతరు పట్టుకుని మంత్రసానిని పిలుచుకొచ్చింది నేను. ఆ సంగతే రాయించి, నోటరీ ముందు చదివి, సంతకం చేశాను. అంత పెద్ద దేశం వాళ్ల కంప్యూటర్లన్నీ పక్కనపెట్టి చివరికి ఒక ముసలాయన జ్ఞాపకాన్ని అడిగింది. నాకు గర్వంగానే ఉంది. అయితే మా ఈడువాళ్లం ఇంకెన్నాళ్లుంటాం? సాక్షి చెప్పగలిగే పెద్దవాళ్లుండగానే మీ ఇళ్లల్లో ఆ కాగితాలు చేయించుకోండి. పెద్దావిడ పోయాక ఆవిడ పుట్టింటి ఊరి పేరు కూడా చెప్పేవాళ్లుండరు.

ఇక పసిపిల్లలున్న ఇళ్లకి ఒక మాట. 2023లో చట్టం సవరించారు. ఆ ఏడాది అక్టోబరు ఒకటో తారీకు నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడానికి, డ్రైవింగ్ లైసెన్సుకి, ఓటరు జాబితాకి, పెళ్లి రిజిస్ట్రేషన్‌కి, సర్కారు ఉద్యోగానికి, ఆధార్‌కి పుట్టినతేదీకీ చోటుకీ ఋజువు ఈ ఒక్క జనన ధ్రువపత్రమే. పాస్‌పోర్టుకి కూడా వాళ్లకి ఇంకేదీ చెల్లదు. మాకు జులై ఒకటి చెల్లింది, చెవి అందితే చెల్లింది, మునసబుగారి మాట చెల్లింది. మీ పిల్లలకి అవేవీ లేవు. కాబట్టి బాబూ, ఆసుపత్రి ఫారం నువ్వే నింపు, బావమరిదికివ్వకు. తల్లి పేరు ఆమె ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయి. ఇరవై ఒకటో రోజు బారసాల చేసుకుంటారు కదా, ఆ పేరేదో ముందే అనుకుని గడువులోపల రాయించు. కాగితం చేతికొచ్చిన రోజునే కౌంటరు దగ్గర నిలబడి మొత్తం చదువు, తప్పుంటే అక్కడే చెప్పు. పుట్టిన చోటు చీపురుపల్లి అయితే చీపురుపల్లి అని మీ పిల్లకి కూడా చెప్పి ఉంచు.